ముందు నడవాలి, టైం తరువాత

లాప్‌టాప్ నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వాన కురిసినట్టు జారిపోతున్నాయి, ఒక్క వరుసైనా చదివేదాకా ఆగడం లేదు, వాచీలాయన అలవాటు చొప్పున నుదుటి మీదున్న భూతద్దాన్ని కంటికి దించుకుని చూశాడు, అక్షరాలు లావయ్యాయే తప్ప ముక్క అర్థమైతే ఒట్టు. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాడు. ఎంత పని జరిగిపోతోందో లోపల! ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే ముందుగదిలో, ఇదే కిటికీ కింద, ఇదే బల్ల మీదికి వంగి వాచీలు బాగుచేస్తున్నాడు కాబట్టి వీధంతా ఆయన్ని వాచీలాయన అనే అంటుంది, పని నేర్చుకునే రోజుల్లో మొదటిసారి ఓ వాచీ వెనక మూత తీసి, అంతంత చిన్న చక్రాలు ఒకదాని పన్ను ఒకటి పట్టుకుని తిరుగుతుంటే నోరు తెరుచుకుని ఉండిపోయాడు, మళ్ళీ అలా నోరు తెరవడం ఇవాళే. ఇది చక్రాలు లేకుండా తిరుగుతోంది. చెవి ఆనించి వింటే టిక్కూ లేదు, టక్కూ లేదు. "ఏమే, నడుస్తున్నావా, నన్ను ఆడిస్తున్నావా?" అని దాన్ని పైకే అడిగేసి, గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గుపడి, గుమ్మం మీది గోడ గడియారం వైపు తలెత్తాడు. మూడూ పది. నాలుగింటికి ఆవిడ వచ్చేస్తుంది.

ఆవిడ గుమ్మంలో కాలు పెట్టేసరికి ఇది మాట్లాడాలి. అంతే, ఇంకేం అక్కర్లేదు. పదకొండు రోజుల కిందట ఆసుపత్రిలో ఆవిడ గొంతులో లేచిన కాయతో పాటు గొంతుపెట్టె మొత్తం తీసేశారు, ప్రాణం దక్కింది, మాట పోయింది. ఈ ఇంట్లో మాటంటే ఆవిడదే కదా. ఆయన బల్ల దగ్గర వంగితే కౌంటర్ దగ్గర ఆవిడ, వచ్చినవాళ్ళతో బేరం ఆవిడది, మందలింపు ఆవిడది, పోయిన వాచీ కథ మొత్తం విని అయ్యో అనడం ఆవిడది, "మా ఆయనకి దేవుడు చేతులిచ్చి నోరు మర్చిపోయాడండీ, ఆ కోటా కూడా నాకే వచ్చింది" అని నవ్వేది. ఆసుపత్రిలో నర్సు ఓ పలక ఇచ్చింది, రెండు రోజులు దాని మీద ఏవేవో రాసింది, మూడో రోజు ఒక్క వాక్యం రాసి పలకని బోర్లా పెట్టేసింది, మళ్ళీ ముట్టుకోలేదు. 'మీరు అటు తిరిగి ఉంటే ఈ పలకతో మిమ్మల్ని ఎలా పిలవను?' అని రాసింది. నిజమే. ఆయన ఎప్పుడూ అటు తిరిగే ఉంటాడు. బతుకంతా కిటికీ వైపుకి మొహం, ఇంటి వైపుకి వీపు. పిలిస్తే తిరుగుతాడు, పిలవకపోతే సాయంత్రందాకా ఆ వీపు వీపే.

మాటలు నేర్పే డాక్టరమ్మే అప్పుడు చెప్పింది, టైపు చేస్తే తెలుగులో పైకి చదివే ప్రోగ్రాం ఒకటుందని. ఫోను అద్దం మీద ఆవిడ వేళ్ళు ఆడవు, పెళ్ళికి ముందు టైపు పరీక్ష పాసైన మనిషి, వేలికి మీట తగలాలి, అది కిందికి దిగాలి. అలమారలో పడి ఉన్న పాత లాప్‌టాప్ గురించి చెబితే డాక్టరమ్మ చేతికి ఓ పెన్‌డ్రైవ్ ఇచ్చి, "పాతదైతే మరీ మంచిదండీ, ఇందులో లినక్స్ అని కంప్యూటర్ని నడిపించే ప్రోగ్రాం ఉంది, లాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడిచి ఇది వేసుకోండి, తేలికగా నడుస్తుంది" అంది. ఎవరు చేశారమ్మా ఇది అని అడిగాడు. "ఎవరో ఒకరు కాదండీ. ఎక్కడెక్కడి వాళ్ళో తలా కాస్త రాసి, అందరూ వాడుకోండని వదిలేశారు." ఆ మాట ఆయనకి సరిగ్గా ఎక్కలేదు, తలా ఓ పన్ను చెక్కితే చక్రం అవుతుందా అనుకున్నాడు, కానీ మంచం మీద ఆవిడ వింటోంది, అందుకే రొమ్ము విరుచుకుని అనేశాడు: "నువ్వు ఇంటికొచ్చేసరికి అది మాట్లాడుతుంది, చూడు!" ఆవిడ కళ్ళతోనే 'చూద్దాం లెండి' అంది. ఆ కళ్ళల్లో అనుమానం ఉన్నా బాగుండేది, వాటిలో జాలి ఉంది.

మాటైతే ఇచ్చాడు, పొద్దున్నుంచీ చుక్కలు కనిపించాయి. కరెంటు మీట నొక్కగానే ఫలానా మీట ఒకటి నొక్కాలట, అప్పుడే అది పెన్‌డ్రైవ్ వైపు చూస్తుందట, ఆలస్యమైతే పాత దారినే పోతుందట. సెకనులో అయిదో వంతు తేడాని చెవితో పట్టే మనిషి, నాలుగుసార్లు నొక్కాడు, నాలుగుసార్లూ ఆలస్యమే, బావమరిది కూతురు ఆఫీసు నుంచి ఫోన్లో "మామయ్యా, ఒక్కసారి కాదు, టకటకా నొక్కుతూనే ఉండు" అంటే ఐదోసారి వడ్రంగిపిట్టలా నొక్కాడు, అప్పుడు కరుణించింది. ఆ తరువాత వచ్చిన తెరే ఆయన్ని పడగొట్టేసింది. ఏ భాష కావాలో ఎంచుకోమని ఓ జాబితా, అది కిందికి జరుగుతూనే ఉంది, జరుగుతూనే ఉంది, చీమలబారుల్లాంటి లిపులు, కొక్కేల్లాంటి లిపులు, కుడి నుంచి ఎడమకి పోయేవి, పెట్టెల్లా నిలబడేవి, జన్మలో చూడని అక్షరాలు, వాటి మధ్యలో ఎవరో పక్కింటి మనిషి రైల్లో ఎదురుపడ్డట్టు, 'తెలుగు'. గుండ్రంగా, తలకట్టుతో సహా. నొక్కాడు. తెరంతా తెలుగైపోయింది. 'స్వాగతం', 'వెనుకకు', 'ముందుకు'.

ఈ 'ముందుకు' అన్న మాట ఇక్కడ ఎవరు పెట్టారు? ఎవరో ఒకరు కూర్చుని ఉండాలి కదా, ఏదో గదిలో, ఏదో కిటికీ పక్కన, 'తరువాత' అనాలా 'ముందుకు' అనాలా అని పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించి ఉండాలి, పేరు రాసుకోకుండా, ఎవరు వాడతారో తెలియకుండా. వాచీలాయనకి అప్పుడు చప్పున తట్టింది, ఇది ఆయనకి తెలియనిదేం కాదు. పాత వాచీ ఏది విప్పినా వెనక మూత లోపల గోటితో గీసినంత సన్నగా గీతలు కనిపిస్తాయి, ఫలానా ఏడు ఫలానా నెలలో నేను దీన్ని బాగుచేశాను అని అంతకు ముందు చేసినవాడి గుర్తు. కొన్నిటికి నలుగురివి, అయిదుగురివి ఉంటాయి. ఎవరో, ఏ ఊరివాళ్ళో, ఉన్నారో పోయారో. పెట్టుకునేవాడికి ఆ గీతలు జన్మలో కనపడవు, మళ్ళీ విప్పేవాడికి తప్ప. ఇందాక నల్లటి తెర మీద జారిపోయిన వాన అంతా అదేనన్నమాట, మూత లోపలి గీతలు, వేలమందివి, లక్షమందివి. అబ్బ! ఒంటి మీద రోమాలు లేచాయి, ఎవరైనా చూస్తే పిచ్చివాడనుకుంటారని చేతులు రుద్దుకున్నాడు. ఇంతమంది కలిసి, డబ్బడగకుండా, ఆవిడ కోసం. ఆవిడెవరో వాళ్ళకి తెలియదు, అయినా ఆవిడ కోసమే.

'ఈ డిస్కులో ఉన్నదంతా చెరిపేయబడును' అన్నచోట వేలు ఆగింది. ఫోటోలన్నీ మేనకోడలు ఏనాడో తీసి దాచింది, ఆసుపత్రిలో సంతకం పెట్టించుకున్న కాగితం మీద కూడా ఇలాంటి మాటే ఉంది, అక్కడ పెట్టగలిగినవాడు ఇక్కడ నొక్కలేడా. నొక్కాడు. నీలం గీత ఒకటి చీమలా బయలుదేరింది. ఆ వెనకే గంటా, తేదీ అడిగింది. లాప్‌టాప్ తేదీ పదహారేళ్ళ వెనక ఆగి ఉంది, లోపలి బిళ్ళ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, అలాంటి బిళ్ళలు ఆయన సొరుగులో గుప్పెళ్ళకొద్దీ ఉన్నాయి, తరువాత చూసుకోవచ్చు. 'సమయాన్ని నెట్ నుంచి దానంతటదే సరిచేయమంటారా?' అని మర్యాదగానే అడిగింది. వద్దు అన్నాడు. ఠక్కున, ఆలోచించకుండా, దగ్గు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నంత అలవాటుగా. బల్ల మీద విప్పిన వాచీకి టైం పెట్టకూడదు, ముళ్ళు పన్నెండు దగ్గరే ఉండాలి, ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా నడిచాకే టైం పెట్టాలి, లేదంటే సరైన టైం చూసి అది బాగైపోయిందనుకుని ఎవరో ఒకరు పట్టుకుపోతారు. పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పిన మాట ఇది, ముందు నడవాలి, టైం తరువాత. పైగా తన ఇంట్లో గడియారానికి ఎక్కడో ఉన్న యంత్రం టైం పెట్టడమేమిటి, నవ్విపోరూ?

నీలం గీత సగం దాటింది. చేతులకి పని లేకపోతే ఆయనకి పిచ్చెక్కుతుంది, పనిముట్లన్నీ తుడిచి వరస పెట్టాడు, మళ్ళీ తుడిచాడు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ఇన్ని గడియారాలు కొట్టుకుంటున్న ఇల్లు నిశ్శబ్దమేమిటి అంటే ఏం చెబుతాం, ఉంది. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం ఇలాగే కూర్చున్నాడు, ఓ చేతివాచీ తీగచుట్ట సరిచేస్తూ, లోపలి గదిలోంచి "ఏమండీ" అని పిలిచింది. తిరిగి "ఆఁ" అన్నాడు. "ఏం లేదు" అంది. కాసేపటికి మళ్ళీ "ఏమండీ." "ఆఁ." "ఏం లేదు." మూడోసారి "పని చేసుకోనివ్వవా" అని విసుక్కున్నాడు కూడా, బుద్ధి లేక. ఆవిడ నవ్వింది, బొంగురుగా, ఆ నవ్వులో గాలి ఎక్కువైంది అప్పటికే. నాలుగోసారి పిలవలేదు. ఆ నాలుగోది ఇప్పటికీ ఆయన చెవుల్లో బాకీ ఉంది. రాని పిలుపు కోసం వీపు ఎదురుచూస్తుందని ఆయనకి ఈ పదకొండు రోజుల్లోనే తెలిసింది.

అరగంటకి అంతా అయిపోయింది, 'అభినందనలు' అంది, ఆయన నిలబడి దానికి నమస్కారం పెట్టినంత పని చేశాడు. ఫోను నుంచి నెట్ కలిపాడు. ఇక మిగిలింది ఒక్కటే, ఆ చదివే ప్రోగ్రాం, దాని తెలుగు గొంతు, రెండూ దించుకోవాలి. నొక్కాడు. ఎర్రటి గీత. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఎర్రగీత, దాని కింద మూడు వరుసల ఇంగ్లీషు. గోడ మీద మూడూ నలభై ఆరు. పై ప్రాణాలు పైనే పోయాయి.

"మామయ్యా, మీటింగులో ఉన్నాను," మేనకోడలు గుసగుసగా ఎత్తింది. "ఏమంటోంది చెప్పు."

"దించుకోవడానికి ఒప్పుకోవట్లేదమ్మా. ఏదో సంతకం అంటోంది. అది ఇంకా చెల్లదట."

"చెల్లదంటే, కాలం అయిపోయిందా?"

"కాదు కాదు. ఇంకా మొదలవలేదట."

"ఇంకా మొదలవలేదా? అదేంటి మామయ్యా... ఒక్క పదినిమిషాలు ఆగు, బయటికొచ్చి చేస్తాను."

పది నిమిషాలా! ఫోన్ పెట్టేసి ఆ వరుసలనే చూస్తూ కూర్చున్నాడు. ఇంకా మొదలవని సంతకం. పెట్టినవాడు పెట్టాడు కదా, ఇక్కడే కనపడుతోంది కదా, ఇంకా మొదలవకపోవడం ఏమిటి, రేపు పుట్టబోయేవాడు ఇవాళ ఉత్తరం రాసినట్టు. రేపు. ఆయన కళ్ళు తెర మూలకి పోయాయి. పదహారేళ్ళ వెనక తేదీ అక్కడ చక్కగా, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. ఓరి నా బుద్ధి తగలెయ్య! దీని లెక్కలో ఆ గొంతు చేసినవాళ్ళు ఇంకా దాన్ని చెయ్యనే లేదు. వాళ్ళలో సగం మంది నిక్కర్లేసుకుని బళ్ళో ఉండి ఉంటారు. దీని లెక్కలో ఆవిడకి జబ్బే లేదు, లోపలి గదిలో ఎవరినో ఫోన్లో దులిపేస్తూ ఉంటుంది, పిలిస్తే పలుకుతుంది. అలాంటి ఇంటికి అరువు గొంతు దేనికి, అని అది తలుపు వేసేసింది.

చెయ్యి సరిచేసే మీట మీదికి పోయి అక్కడే ఆగింది. ఇందాక వద్దన్నది పెద్దాయన మాట కోసం కాదు. ఎవరిని మోసం చేస్తాడు, గదిలో తనొక్కడే ఉన్నాడు. ఇందాక మొదటిసారి ఆ తేదీ కనపడగానే అది చెరిపేయడానికి మనసు రాలేదు, అందుకే అలవాటు సాకుగా దొరికింది. ఆ మూలన ఆ తేదీ ఉన్నంతసేపూ ఆవిడ గొంతు ఎక్కడో ఉన్నట్టే అనిపించింది. అమ్మయ్య, ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక వేలు కదిలింది. ఏడాది పక్కన ఉన్న కూడిక గుర్తుని నొక్కాడు, ఒక ఏడు ముందుకొచ్చింది, కౌంటర్ అద్దం పగిలితే అతుకు పెట్టి దాని మీద పూల కుండీ పెట్టిన ఏడు, ఇంకొకటి, ఇంకొకటి, ఆవిడ చెల్లెలితో రెండు నెలలు మాట్లాడకుండా ఉండి ఆ రెండు నెలల మాటలూ తనకి చెప్పిన ఏడు, అదో పండగలా గడిచింది, ఇంకొకటి, ఇంట్లోనే అందరూ ఉండిపోయిన ఏడు, వాచీలు ఎవరూ తేలేదు, రోజంతా ఆవిడ చదువుతుంటే విన్నాడు, నొక్కుతున్నాడు, ఒక్కో నొక్కుకీ ఒక ఏడు అంత తేలిగ్గా పోతుందా, ఎన్ని మాటలు ఉంటాయి ఒక ఏట్లో, ఇంకొకటి, ఇది నిరుడు. నిరుడు చలికాలం ఆవిడ గొంతు బొంగురుపోయింది. జలుబేలే అన్నాడు. వెయ్యి వాచీల మధ్య పెట్టినా తడబడే వాచీని చెవితో పట్టుకునే మొనగాడు, పక్కనున్న మనిషి గొంతు తడబడుతుంటే జలుబేలే అన్నాడు. ఆ ఏడు మీదే ఉండిపోయాడు. ఆ ఏట్లో ఆగిపోగలిగితే, రేపే పద డాక్టర్ దగ్గరికి అనగలిగితే. కానీ ఆ మీటకి అంత శక్తి లేదు, ఎంతమంది కలిసి రాసినా అది వాళ్ళ వల్ల కాలేదు. నొక్కాడు. ఈ ఏడు వచ్చింది. నెల పెట్టాడు, రోజు పెట్టాడు.

గంట దగ్గర మణికట్టు చూసుకున్నాడు, మూడూ నలభై తొమ్మిది. గోడ మీద మూడూ యాభై నాలుగు. ఆ గోడ గడియారం ఐదు నిమిషాలు ముందుంటుంది, అది ఆవిడ పని. కాపురానికొచ్చిన నెలలోనే స్టూలెక్కి జరిపేసింది, అన్నం చల్లారిపోతున్నా ఈ మనిషి లేవడం లేదని. వాచీలు బాగుచేసేవాణ్ణే బురిడీ కొట్టించానని ఈ రోజుకీ లోలోపల మురిసిపోతుంది. బ్యాటరీ మార్చినప్పుడల్లా ఆయన సరైన టైం పెడతాడు, తెల్లారేసరికి అది మళ్ళీ ఐదు నిమిషాలు ముందుంటుంది. మధ్యాహ్నం ఆ గడియారం చూసి లేచి వచ్చి, చేతివాచీ చూసి తిరిగి షాపు తెరుస్తాడు, మధ్యలో మిగిలిన ఐదు నిమిషాలూ కంచం ముందు ఆవిడ కబుర్లే. ఆయన వేలు ఒక్క క్షణం తటపటాయించింది. ఈ ఇంటి టైం అదే. మూడూ యాభై నాలుగు పెట్టాడు. వెళ్ళి మళ్ళీ దించుకోమని నొక్కాడు.

ఎర్రగీత రాలేదు. పచ్చగీత పాకింది. వరుస తరువాత వరుస, ఎవరెవరో పెట్టిన సంతకాలు ఒక్కొక్కటే చెల్లుతున్నాయి, ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో తలా ఒక పన్ను తెచ్చి ఇచ్చి పోతున్నట్టు, తెలుగులో దీర్ఘం ఎంతసేపు లాగాలో, ఒత్తు ఎక్కడ పలకాలో కూర్చుని నేర్పిన వాళ్ళు, వాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో, వాళ్ళ ఇళ్ళల్లో ఎవరికి మాట పోయిందో. భూతద్దం మసకబారింది, తీసి తుడుచుకున్నాడు, తప్పు భూతద్దానిది కాదు. ఖాళీ పెట్టె ఒకటి తెరుచుకుంది, దాని పక్కన 'పలుకు' అన్న మీట. ఏదైనా రాసి చూద్దామా? అది పలక్కపోతే? రాయలేదు. మొదటి మాట ఆవిడదే కావాలి. సందు మొదట్లో బావమరిది కారు హారన్ రెండుసార్లు మోగింది.

ఆవిడ మెడకి పలచటి గుడ్డ చుట్టుకుని ఉంది, సగమైపోయింది మనిషి. బావమరిది చెయ్యి పట్టి తెచ్చి బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టి, "మా అమ్మాయికి ఫోన్ చేసి చెబుతా బావా, చచ్చేంత కంగారు పడుతోంది" అని బయటికి నడిచాడు. వాచీలాయన లాప్‌టాప్‌ని ఆవిడ వైపు తిప్పాడు, "రాసి అది నొక్కు" అన్నాడు. చూస్తూ నిలబడే ధైర్యం చాలక కిటికీ వైపు తిరిగి, ఇప్పటికే మూడుసార్లు తుడిచిన పట్టకారుని నాలుగోసారి తుడవడం మొదలుపెట్టాడు. వెనక మీటల చప్పుడు, నాలుగైదు, ఆగింది. ఏమీ లేదు. గది నిండా గడియారాలు.

"ఏమండీ."

అది ఆవిడ గొంతు కాదు. ఆడదీ కాదు, మగదీ కాదు, రైల్వే స్టేషన్లో మైకులా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు, దీర్ఘం ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ లాగింది. కానీ ఆయన ఆలోచించేలోపే వీపు తిరిగిపోయింది, "ఆఁ" అనేసింది నోరు. అప్పటికే ఆవిడ వైపు తిరిగి ఉన్నాడు. ఆవిడ కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తోంది, ఒకసారి తెరని, ఒకసారి ఆయన్ని, తిరిగాడే అన్నట్టు. తరువాత తెర మూలకి చూసింది, గోడ మీదికి చూసింది, ఆయన మణికట్టు వైపు చూసింది, కనుబొమలు ముడిపడ్డాయి, వేళ్ళు టకటకా పరుగెత్తాయి.

"ఇది ఐదు నిమిషాలు ముందుంది."

"గోడ గడియారం చూసి పెట్టాలే."

మీటలు మళ్ళీ. "అది ముందుందని మీకు తెలుసా."

"కాపురానికొచ్చిన నెల నుంచీ తెలుసు."

ఆవిడ చేతులు మీటల మీద ఆగిపోయాయి. భుజాలు కదలడం మొదలయ్యాయి, మెడ మీది గుడ్డని ఒక చేత్తో పట్టుకుని, చప్పుడు లేకుండా నవ్వుతోంది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. నవ్వుతూనే ఒక వేలితో రాసింది.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం."

ఆయన కుర్చీ లాక్కుని, కిటికీకి వీపు పెట్టి, ఆవిడకి ఎదురుగా కూర్చున్నాడు.

"చెబితే సరిచేసేస్తావని."